నీళ్ళ మీద రసమట్టం

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలి ఫోను. పాలు పొయ్యి మీద పెట్టేలోపే మోగడం మొదలవుతుంది. అవతలివాళ్ళు వడ్రంగులో, పెయింటర్లో, సోఫాలకు బట్ట కుట్టేవాళ్ళో అయి ఉంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఓడ పనిలో ఖాళీ ఉందా?

"అమ్మాయ్, నీ ఫోను మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. కాస్త ఊరుకోబెట్టు" అంది అత్తగారు, కాఫీ గ్లాసు అందిస్తూ.

"కట్టేస్తే మంచి పనివాళ్ళు చేజారిపోతారు అత్తయ్యా."

"కట్టెయ్యకపోతే మా చెవులు పోతాయి."

ఆవిడ విసుగంతా పైపైనే. క్యారేజీ అప్పటికే సర్ది, మూత బిగించి సంచిలో పెట్టేసింది. ఉద్యోగానికి వెళ్ళే కోడలికి క్యారేజీ కట్టి ఇచ్చే అత్తగార్లు ఎందరుంటారో చెప్పలేను గానీ, ఈ కోడలికి ఆ అదృష్టం ఉంది. అది అదృష్టమన్న సంగతి ఆమెకు తెలుసు కూడా, అది ఇంకా గొప్ప విషయం.

ఓడ అనగానే మనకు బయటి నుంచి కనిపించేది ఇనుప డొక్కే. ఆ డొక్కలో మనుషులు పడుకునే గదులు తయారు చేయించడం కోడలి పని. గోడలకు పలకలు, మంచాలు, అల్మరాలు, తలుపులు, తివాచీలు, దీపాలు. ఏ పని ముందు జరగాలో, ఏది తరవాతో, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్ళి ఎప్పుడు బయటికి రావాలో అన్నీ ఆమే చూసుకోవాలి. తివాచీ పరిచాక పెయింటరు డబ్బా పట్టుకుని వచ్చాడంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పైగా ఆ పనివాళ్ళను వెతికి తెచ్చుకోవడం కూడా ఆమె నెత్తినే పడింది.

అందుకే ఓడలు కట్టే యార్డు షెడ్డులో ఒక పరీక్ష గది కట్టించింది. ఎంత పెద్దవాళ్ళ సిఫారసుతో వచ్చినా సరే, ఒక పూట అందులో పనిచేసి చూపించాకే ఓడ ఎక్కనిస్తుంది. ఆ గది నేలను కావాలనే ఒక పక్కకు వాల్చి కట్టించింది. నేల మీద, ఓడలో ఉన్నట్టే, ఎర్ర సుద్దతో ఒక గీత ఉంటుంది, కొలతలన్నీ దాని నుంచే తీసుకోవాలి. ఇళ్ళలో పనిచేసే వడ్రంగులందరూ రసమట్టాన్ని నమ్ముకుంటారు. గాజుగొట్టంలో బుడగ నడిమధ్యన నిలిస్తే పని సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఇంట్లో అది నిజమే. ఓడ నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది, ఒకవైపు ట్యాంకు నింపితే అటు ఒరుగుతుంది, రెండోవైపు నింపితే ఇటు ఒరుగుతుంది. అక్కడ ఆ బుడగ పచ్చి అబద్ధాలకోరు.

అత్తగారి అక్క కొడుకు ఈ సంగతి తెలియక, జేబులో రసమట్టంతో దర్జాగా వచ్చి, ఫెయిలై, ఎందుకు ఫెయిలయ్యాడో ఎవరికీ చెప్పకుండా ముఖం వేలాడేసుకుని వెళ్ళాడు. అప్పటి నుంచి ఆ అక్కగారు ఫోను చేయడం తగ్గించింది. "ఒక్క పరీక్షతో అక్కాచెల్లెళ్ళని విడదీశావు కదే" అని అత్తగారు ఇప్పటికీ నవ్వుతూనే దెప్పుతుంది.

ఆ ఉదయం మాత్రం ఎవరూ నవ్వలేదు. ఫోను పెట్టేసిన కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వడ్రంగుల మేస్త్రీ ఇంకో యార్డుకు వెళ్ళిపోయాడు, వెళుతూ సగం మందిని తనతో తీసుకుపోయాడు. ఒక అంతస్తు గదులన్నీ పలకలూ తలుపులూ లేకుండా మొండిగోడలతో నిలబడి ఉన్నాయి. ఓడ యజమాని తరఫు తనిఖీ అధికారిణి నెలాఖరుకు వస్తుంది.

పేపరు చదువుకుంటున్న మామగారు కళ్ళజోడు తీశారు. జీవితమంతా ఇళ్ళకు తలుపులు, కిటికీలు, మెట్లు చేసిన వడ్రంగి ఆయన. ఆయన చేసిన తలుపు మూస్తే చప్పుడు కాదని పేరు. పని మానేసిన దగ్గర్నుంచీ ఇంట్లో కొట్టడానికి ఇంకే మేకూ దొరక్క, బాగున్న కుర్చీలనే ఊడదీసి మళ్ళీ బిగిస్తున్నారు.

"నేను రానా?" అన్నారాయన.

అందరూ ఆయన వైపు చూశారు.

"వేళాకోళం కాదమ్మా. చేతులింకా బాగానే ఉన్నాయి. ఇంట్లో కూర్చుంటే మీ అత్తయ్య నన్ను కుర్చీల డాక్టరంటోంది."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మామయ్యా, మీరొస్తే నాకింక ఎవరూ అక్కర్లేదు" అంది.

ఆ మాట ఆమె మనసులోంచి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఓడల యార్డులో ఉద్యోగమంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. ఆడపిల్లకి ఇనుము మధ్య ఏం పని అన్నారు. అప్పుడు "మా కోడలు వెళుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది మామగారే. పని ఆలస్యమైన రోజుల్లో ఏమీ చెప్పకుండా యార్డు గేటు బయట వచ్చి నిలబడేవారు. అడిగితే, ఇటు గాలి బాగుంటుందమ్మా అనేవారు. అటువంటి మనిషిని తీసుకెళ్ళి పరీక్ష గదిలో నిలబెట్టడం ఆమెవల్ల కాలేదు. షెడ్డులో గుమాస్తా అడిగితే కూడా "ఆయనకి పరీక్షేంటండీ, ఆయన దగ్గర మనం నేర్చుకోవాలి" అనేసింది. ఆయన్ను నేరుగా ఓడ ఎక్కించి, మిగిలిన వడ్రంగులకు పెద్దగా పెట్టింది.

ఇక చూడాలి ఆయన హుషారు! పదేళ్ళు చిన్నవాడైపోయారు. పొద్దున్నే కోడలితో బయలుదేరి, సాయంత్రం భుజాన సంచితో ఈలవేసుకుంటూ వచ్చేవారు. అత్తగారు రెండు క్యారేజీలు కడుతూ, "ఇద్దర్ని బడికి పంపినట్టుంది నాకు" అని గొణిగేది. లెక్కల మాస్టారైన కొడుకు, తండ్రి ముఖంలో వెలుగు చూసి భార్యతో, "నాన్నకి మళ్ళీ ప్రాణం పోశావు" అన్నాడు. కోడలికి కూడా ఆ రోజుల్లో గుండె నిండుగా ఉండేది. ఇంతకాలానికి ఆయనకు ఏదో ఒకటి ఇవ్వగలిగాననుకుంది. వేరే అంతస్తులో తివాచీలవాళ్ళతోనూ కరెంటువాళ్ళతోనూ తలమునకలై, ఆయన గదుల వైపు వెళ్ళి తనిఖీ చేయడం కూడా మానేసింది. ఆయన పని చూడ్డమంటే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందని అనిపించింది.

ఓడలో మొదటిరోజే మామగారు నేల మీది ఎర్రగీత చూశారు. సంచిలోంచి రసమట్టం తీసి పెట్టి చూస్తే గీత వాలుగా ఉంది. "ఎవడ్రా ఇది కళ్ళు మూసుకుని గీసినవాడు?" అని నవ్వి, తడిగుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిపించేశారు. పక్కనే ఉన్న పొడుగు వడ్రంగి నోరు తెరిచాడు. పెద్దాయన మేడంగారి మామగారని గుర్తొచ్చి మళ్ళీ మూసుకున్నాడు.

తనిఖీ అధికారిణి వచ్చిన రోజు, కోడలు ఆవిణ్ణి ఆ అంతస్తుకు తీసుకెళ్ళింది. పొడవాటి నడవా, రెండు వైపులా మూసిన తలుపులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మామగారు చివర నిలబడి ఉన్నారు, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి మాదిరిగా చేతులు కట్టుకుని. ముందురోజే ఓడలో రెండోవైపు ట్యాంకులు నింపారు, ఓడ అటు ఒరిగింది.

అధికారిణి మొదటి తలుపు గడియ తీసి వదిలింది. తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంది. రెండోదీ అంతే. మూడో గదిలో అల్మరా సొరుగు మెల్లగా బయటికి జారి వచ్చి, వాళ్ళ కళ్ళ ముందే నేల మీద పడింది. ఇలా ఆ వరసంతా. మామగారు రసమట్టం తీసి ఒక తలుపు చట్రానికి ఆనించారు. బుడగ పక్కకు పోయి కూర్చుంది. ఆయన దాన్ని తట్టి, తిప్పి, మళ్ళీ ఆనించారు.

"గీత ఏది?" అని అడిగింది అధికారిణి, నేల వైపు చూస్తూ.

 పొడుగు వడ్రంగి తల దించుకుని, "తుడిచేశామండీ" అన్నాడు.

"ఈ పనికి పెద్ద ఎవరు?"

కోడలు నడవా చివరనున్న మనిషి వైపు చూడలేకపోయింది. "పెద్ద ఎవరైనా, వాళ్ళని పరీక్ష లేకుండా ఓడ ఎక్కించింది నేనండీ. తప్పు నాది" అంది. తరవాత పనివాళ్ళ వైపు తిరిగి, "అన్నీ విప్పండి. తలుపులు, చట్రాలు, అల్మరాలు, అన్నీ. గీత మళ్ళీ గీయించి మొదటి నుంచి చేద్దాం" అంది.

సూటిగా ఒప్పుకున్నందుకో ఏమో, అధికారిణి గడువు కొంచెం పొడిగించి వెళ్ళింది. సుత్తుల చప్పుడు మొదలయ్యేసరికి మామగారు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయారు.

సాయంత్రం కోడలు ఇంటికి వచ్చేసరికి ఆయన గది తలుపు వేసి ఉంది. అత్తగారు హాల్లో నిలబడే ఉంది.

"ఎంత పని చేశావమ్మా! యార్డంతా చూస్తుండగా ఆయన చేతిపని పీకించేస్తావా? నలుగురిలో తలెత్తుకోకుండా చేస్తావా?"

"ఆ తలుపులు పనికిరావు అత్తయ్యా. విప్పక తప్పదు."

"తలుపులు పోతే మళ్ళీ వస్తాయి. మనిషో? ఆ ముక్క చెప్పి తలుపేసుకున్నారు, మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పిలిస్తే పలకడం లేదు."

"అమ్మా, ఓడ సంగతి వేరు, తను చెప్పేది..." అంటూ కొడుకు మధ్యలోకి వచ్చాడు.

"నువ్వూరుకోరా! బళ్ళో పిల్లలు లెక్క తప్పు చేస్తే కొట్టేసి పక్కన మళ్ళీ వేయిస్తావు. మీ నాన్న వయసులో కొట్టేస్తే పక్కన రాసుకోడానికి చోటెక్కడుందిరా?"

 కోడలు సంచి కింద పడేసి, అక్కడే కుర్చీలో కూలబడింది. పొద్దున్నించీ ఉగ్గబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"ఆయన్ని బాధపెట్టాలని నాకుంటుందా అత్తయ్యా? నాకు ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష. ఊరంతా వద్దంటే ఆయనొక్కరే వెళ్ళమన్నారు. అందుకే ఆయనకి పరీక్ష పెట్టలేకపోయాను. ఆ గౌరవమే నా కొంప ముంచింది. నన్ను తిట్టండి, పడతాను. నేను ఆయన్ని అవమానించానని మాత్రం అనకండి."

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. మామగారు గుమ్మంలో నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అవమానించావమ్మా" అన్నారాయన. "పని పీకించినందుకు కాదు. అది తప్పు పని, నేనైనా పీకించేవాణ్ణి. మరి మీ అత్తయ్య అక్క కొడుకుని పరీక్షించావు కదా, నన్నెందుకు పరీక్షించలేదు?"

"మామయ్యా, మీకు నేను పరీక్ష పెట్టడమేంటి? మీరు నాకు చేసిన మేలుకి..."

"అదే అడుగుతున్నా. ఆ రుణం తీర్చుకోడానికి ఇచ్చావా నాకు పని? నేను ఆ రోజు పని అడిగానమ్మా. బహుమతి అడగలేదు. ముసలాయన ముచ్చటపడుతున్నాడు, పోనీలే అనుకున్నావు. ఆ పొడుగువాడూ అనుకున్నాడు. గీత తుడవొద్దని నాతో చెప్పడానికి అంతమందిలో ఒక్కడికి నోరు రాలేదు. ఎందుకు? నేను మేడంగారి మామగారిని!"

 అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదని కోడలికి తెలుసు. ప్రేమతోనే చేసింది. కానీ ఆ ప్రేమలో ఆయన్ని పనివాడిగా చూడ్డం మర్చిపోయింది.

ఆమె లేచి నిలబడింది. "రేపు షెడ్డుకి రండి మామయ్యా. అందరితో పాటే. అందరికీ పెట్టే పరీక్షే" అంది.

"వస్తాను" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు షెడ్డు బయట కొత్తవాళ్ళ వరసలో మామగారు నిలబడ్డారు. ముందున్నవాళ్ళు "పెద్దాయనా, మీరు ముందుకెళ్ళండి" అంటే కసురుకున్నారు. తన వంతు వచ్చాక, రసమట్టం సంచిలోంచి తియ్యనే లేదు. ఎర్రగీత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ప్రతి కొలతా రెండేసిసార్లు తీసుకున్నారు. తలుపు బిగించారు, గోడ పలకలు నిలబెట్టారు. చుట్టూ చేరినవాళ్ళు మాట్లాడ్డం మానేసి చూస్తున్నారు. తలుపు ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. పలకల అతుకులైతే, రెండు పలకలని చెబితే తప్ప తెలియదు. వేలితో రాస్తే ఎక్కడా తగలదు.

కోడలు ఆ అతుకు మీద వేలు ఆనించి అలాగే ఉండిపోయింది. అంత అందమైన అతుకు ఆమె ఏ ఓడలోనూ చూడలేదు. అది ఓడలో పనికిరాదు. అలల మీద వెళ్ళేటప్పుడు ఓడ ఇనుము కొంచెం వంగుతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. పలకల మధ్య సన్నని సందు వదలకపోతే అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని కిర్రుకిర్రుమంటాయి, ఆనక పగులుతాయి. మామగారు జీవితమంతా సందు లేకుండా చేయడమే పనితనం అనుకున్నారు, ఆ పనితనంతోనే కొడుకుని చదివించారు.

పాస్ అని ఒక్క మాట అనేస్తే సరిపోతుంది. సందు సంగతి తరవాత చెవిలో చెప్పుకోవచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది ఆ మాట. రాత్రి గుమ్మంలో నిలబడిన మనిషి గుర్తొచ్చి, ఆమె వెనక్కి తిరిగింది.

"ఫెయిల్ అండీ" అంది. అది అందరికీ వినబడింది.

 మామగారు రెప్ప వేయకుండా చూశారు. "ఎందుకు?" అన్నారు.

ఆమె చెప్పింది. ఇనుము ఎలా వంగుతుందో రెండు చేతులతో చూపించి, సందు ఎంత వదలాలో, దాన్ని పైపట్టీతో ఎలా కప్పాలో అంతా చెప్పింది. ఆయన మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలడిగారు. చివరికి తల ఊపి, సంచి సర్దుకుని వెళ్ళిపోయారు. ముఖంలో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. ఆ రోజంతా ఆమె ఏ పనిలోనూ మనసు పెట్టలేకపోయింది. మొదటిసారి ఆయన గదుల వైపే చూడకుండా వదిలేసి, చివరికి పీకించాను, ఇప్పుడు మొహం మీద ఫెయిలన్నాను, ఇంక ఆయన నాతో మాట్లాడతారా అని కుమిలిపోయింది.

ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి.

"ఫెయిల్ చేసేసిందే! అంతమంది ముందు! 'ఫెయిల్ అండీ' అంది. అండీ కూడా మర్చిపోలేదు, మర్యాదస్తురాలు!" మామగారు భార్యకు అభినయించి మరీ చెబుతున్నారు.

"ఫెయిలైతే ఇంత సంబరమేంటండీ, మతి గానీ పోయిందా?" అంటోంది అత్తగారు.

"నీకర్థం కాదులే. మా నాన్న పోయాక నా పనిని తప్పన్నవాడు లేడు. చిన్నవాళ్ళందరికీ నేను పెద్ద, డబ్బిచ్చేవాళ్ళకి నేను పేరున్నవాణ్ణి. బాగుంది, బాగుంది, ఇదే మాట. వినీ వినీ నేర్చుకోవడమే మానేశాను. ఇనుము వంగుతుందిటే! ఓడ ఊపిరి పీల్చినట్టు కదులుతుందిట! ఈ వయసులో నాకు కొత్త సంగతి ఒకటి తెలిసింది."

కోడలు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. ఆయన చూశారు. నవ్వు ఆపి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"రేపు మళ్ళీ రావచ్చా పరీక్షకి?"

"రండి మామయ్యా."

"ఈసారీ తప్పు చేస్తే?"

ఆమెకు కన్నీళ్ళు ఆగడం లేదు, నవ్వూ ఆగడం లేదు. "ఫెయిలనే చెప్తాను" అంది.

"పాసైతే?"

"ఆ పొడుగాయన కింద వడ్రంగిగా వేస్తాను. పెద్దగా కాదు. ఓడ పని వచ్చేదాకా."

అత్తగారు ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. లేచి కోడలి దగ్గరికి వచ్చి, ఆమె భుజాన వేలాడుతున్న సంచి తీసి తన చేతిలోకి తీసుకున్నారు. ఆ ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. క్యారేజీ కట్టినా, గేటు దగ్గర ఎదురుచూసినా అదంతా మామూలే అన్నట్టు ఉండిపోతారు. ఆయనకు ఆ మాట నోరు తిరగడానికి కొంచెం సమయం పట్టింది.

"థాంక్సమ్మా" అన్నారు మామగారు.

కోడలు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను చెప్పాల్సింది మామయ్యా, ఎన్నేళ్ళ నుంచో నేను చెప్పాల్సింది" అంది.